పాట ఊరిది, రికార్డు ఎవరిది?

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో పాటకు ఆధారమైన పనులే మారిపోయాయి. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది, నేలటూరు దగ్గర థర్మల్ కేంద్రం లేచింది, తీరం వెంబడి రొయ్యల గుంటలు పరుచుకున్నాయి. నాట్లు వేస్తూనో అలివి వల లాగుతూనో పాడుకున్న పాటకు ఆ పనే లేకపోతే సందర్భం ఎక్కడిది? ఇక దాన్ని నిలబెట్టేది రికార్డే. ఇంట్లోనే ఫోనూ మైకూ పెట్టుకుని పాడే జానపద గాయకుల గురించి మాట్లాడితే, స్టూడియో ఖర్చు తప్పిందన్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. అంతకన్నా పెద్ద లాభం ఒకటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు దాన్ని తీయించిన నిర్మాతది, అదీ 60 ఏళ్లు. సొంత ఇంట్లో సొంతంగా రికార్డు చేసుకుంటే ఆ నిర్మాత గాయకుడే. ఏదో ఛానల్ వాళ్లు పిలిచి, ఖర్చు పెట్టుకుని పాడిస్తే ఆ 60 ఏళ్లూ వాళ్లవి. పాడినవాళ్లకు వేరే హక్కు లేకపోలేదు, 2012 సవరణ రాయల్టీని కూడా గుర్తించింది. కానీ చేతిలో ఒప్పంద పత్రమే లేని మనిషి దాన్ని ఎవరి దగ్గర వసూలు చేసుకోగలడు?

పేరు రావడం వేరు, బతుకు గడవడం వేరు. కిన్నెర మొగిలయ్య గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో రాష్ట్రాలు దాటింది, మరుసటి ఏడాదే పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నాడని పత్రికలు రాశాయి. ‘సారంగదరియా’ పాట సినిమాకెక్కి కోట్లమంది విన్నాక, దాన్ని సేకరించి ముందే పాడింది తానని గాయని కోమలి చెప్పుకోవాల్సి వచ్చింది. గుర్తింపు, పారితోషికం మాట ఆ వివాదం తర్వాతే జనానికి వినపడింది. నిజం ఎటువైపు ఎంతుందన్న తగువు పక్కన పెడదాం. ముందే తన పేరున, తేదీతో సహా వెలువడిన సొంత రికార్డు ఉన్న గాయని మాటకు ఉండే బలం వేరు.

జానపదం అందరిదీ కదా, ఒకరి సొత్తు ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పాట మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండకూడదు, అదే పాటను పక్క ఊరివాళ్లు రేపు హాయిగా పాడుకోవచ్చు. హక్కు కోరుతున్నది ఆ ఒక్క రికార్డు మీదే. ఇక ఇంటి రికార్డులో నాణ్యత ఉండదన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, మైకుకు దగ్గరగా పాడితే ఒంటి గొంతుకు, డప్పుకు అది చాలు. వాద్యాలు ఎక్కువైతే మాత్రం స్టూడియోకు పోవాల్సిందే.

డబ్బు విషయంలో ఆశలు పెంచడం తప్పు. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి (షార్ట్స్‌కు లెక్క వేరు). అది దాటినా ఒక్క ఛానల్‌తో ఇల్లు గడవడం అరుదు. జాతరలకు, పెళ్లిళ్లకు పిలుపులు తెచ్చేది కూడా ఆ రికార్డే కాబట్టి, పెద్ద ఛానళ్లు అడిగినప్పుడు దాన్ని పూర్తిగా రాసివ్వకుండా రెండు మూడేళ్లకు వాడుకునే అనుమతి మాత్రం ఇవ్వాలి. గాయకులకూ ఒక బాధ్యత ఉంది. పాట నేర్పిన అవ్వకు ఈ హక్కులో చట్టం వాటా పెట్టలేదు. ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు, ఊరు వీడియో కింద రాయాలి, వచ్చినదాంట్లో కొంత ఆమె చేతికివ్వాలి.