ఉత్తరం కాదు, కవరు

రంగూన్ రేవులో కూలికి వెళ్ళిన మన పూర్వులొకరు కాకినాడకు ఉత్తరం వ్రాశారనుకుందాం. దానిని చింపి చదవనక్కరలేదు. ఎవరికి, ఏ ఊరినుండి, ఏనాడు వ్రాసినదో కవరుమీది చిరునామా, తపాలాముద్రలే చెప్పివేస్తాయి. సెల్‌ఫోను సందేశాలకు అటువంటి కవరే మెటాడేటా. వాట్సాప్ 2016 నుండి లోపలి మాటలనన్నిటినీ రహస్యలిపిలోనికి మార్చి పంపుతున్నది. ఎవరు ఎవరితో, ఏ వేళ, ఎన్నిమార్లు మాట్లాడారన్నది మాత్రం అందులో ఇమడదు.

నేడు యాంగోన్‌గా పిలువబడుతున్న ఆ నగరంలో ఇది ప్రాణసంకటమే. అక్కడ సిమ్ కార్డు గుర్తింపుపత్రంతో నమోదు కావాలి. నంబరు తెలిస్తే మనిషి తెలిసినట్లే. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకొని ఇంటర్నెట్‌కు అడ్డుకట్ట వేసినపుడు, జనం బ్లూటూత్ ద్వారా ఫోనునుండి ఫోనుకు సందేశాలు దాటించే బ్రిడ్జ్‌ఫైని ఆశ్రయించారు. అందులో ఎవరు ఎవరితో సంభాషిస్తున్నారో పటం గీయవచ్చునని లండన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లోనే నిరూపించి ఉన్నారు!

సిగ్నల్ మార్గం వేరు. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ వివరాలు కోరగా, ఆ సంస్థ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరచిన సమయం, చివరిసారి వాడిన తేదీ. తక్కినవి అది దాచుకొననే లేదు. అయితే వీధి తనిఖీలో సిపాయి ఫోనునే చేతికి తీసుకుంటే ఈ ఏర్పాటూ అక్కరకు రాదు. కనుక అక్కడి బంధువులకు వ్రాసేవారు సందేశాలు వాటంతటవే చెరిగిపోయే గడువు పెట్టుకొనడం మేలు.