రహదారి సుంకము – ఫాస్టాగు బిళ్ల



సంక్రాంతి వచ్చుసరికి హైదరాబాదునుండి మీ కుమారులును కుమార్తెలును కార్లలో స్వగ్రామములకు బయలుదేరుదురు. ఆ దినములలో విజయవాడ దారిని పంతంగి టోలుగేటువద్ద బారులు తీరిన వాహనములను గూర్చి ఏటేట పత్రికలలో చదువుచునే యున్నాము. ఇంటివద్ద పెద్దలు వాకిట గూర్చుండి యెదురుచూచుచుందురు. ఆ గేటువద్ద జరుగు వ్యవహారమెట్టిదో, చేతితో నాణెమీయకయే సొమ్మెట్లు చెల్లుచున్నదో, అందు ప్రయాణికునకు గల హక్కులేవో నాకు తెలిసినంత చెప్పెదను.

దారికి సుంకము క్రొత్తది కాదు. సుంకర యను ఇంటిపేరు మనలో నేటికిని గలదు గదా! కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున నొక అభయశాసనము వేయించెను. గాలివానకు తీరము చేరిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనము చేసికొనుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని అందు ప్రకటించి, ఏ సరకుకు ఎంతయో ఱాతిమీద చెక్కించెను. సుంకము విషయమున ప్రజకు కావలసినది ఇదియే. ఎంత చెల్లింపవలెనో ముందుగా తెలియవలెను. అంతకు మించి పుచ్చుకొనరాదు.

ఇక నేటి సంగతి. కారు ముందరి అద్దమునకు లోపలివైపున అంటించు చిన్న కాగితపు బిళ్లకు ఫాస్టాగు అని పేరు. మన దేశమున ఇది 2014లో మొదలయ్యెను. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రినుండి జాతీయ రహదారులలో నాలుగు చక్రముల వాహనములకు తప్పనిసరి యైనది. బిళ్లలో బ్యాటరీ లేదు. సన్నని లోహపు తీగ, ఆవగింజంత చిప్పు, ఇంతే. గేటుపైన నున్న యంత్రము రేడియో తరంగములను ప్రసరింపజేయగా, ఆ తరంగముల శక్తితోనే బిళ్ల మేల్కొని తన సంఖ్యను చెప్పును. నా మాటను మీ చెవి చేర్చునవియు రేడియో తరంగములే. భేదము పొడవునందు మాత్రమే. 738 కిలోహెర్ట్జుల మధ్యతరంగము నాలుగువందల మీటర్లకు పైబడి యుండును. ఈ బిళ్లతో మాటలాడు తరంగము 865 మొదలు 867 మెగాహెర్ట్జులది. దాని పొడవు జానెడున్నర. ఆ సంఖ్య గేటువారి బ్యాంకునకు, అచటినుండి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను ద్వారా బిళ్ల నిచ్చిన బ్యాంకునకు పోవును. ఖాతాలో సొమ్మున్నచో అడ్డుకమ్మి లేచును. ఫోనునకు సందేశము వచ్చును. ఆ సందేశమే మన రసీదు గనుక దానిని చదువక తుడిచివేయుట తగదు.

నేను బంజారా హిల్సులో మా కుమారుని యింట నుందును. ఫిల్మ్ నగరు, జూబ్లీ హిల్సు మా కిరుగుపొరుగులే. సినిమావారు రామోజీ ఫిల్మ్ సిటీకి పోవలెనన్నను, మేము విజయవాడ దారి పట్టవలెనన్నను గచ్చిబౌలివద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి, శంషాబాదు మీదుగా చుట్టివచ్చి పెద్ద అంబర్‌పేటవద్ద దిగుట యొక మార్గము. నగరముచుట్టును 158 కిలోమీటర్లు సాగు ఈ దారి మొదటి భాగము 2008లో తెఱవబడినది; వలయమంతయు 2018లో పూర్తియైనది. స్కూటరునకు, కాలినడకకు అందు ప్రవేశము లేదు. 2023లో గరిష్ఠవేగమును 120 కిలోమీటర్లకు పెంచిరి. నాకు మాత్రము ఎనుబదియే చాలును.

రెండు విధములైన సుంకములు ఇచటనే తెలియును. ఔటరులో ఎక్కునపుడొకమారు, దిగునపుడొకమారు బిళ్ల చదువబడును. నడచిన దూరమునుబట్టి సొమ్ము తఱుగును. జాతీయ రహదారిలో నట్లు కాదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు – ఒక్కొక్క గేటువద్ద నిర్ణయించిన మొత్తము చెల్లును. ఇరువదినాలుగు గంటలలో తిరిగివచ్చినచో రానుపోను కలిపి ఒకవైపు సుంకమునకు ఒకటిన్నర రెట్లే పడును.

బిళ్ల లేకయో, ఖాతా శూన్యమైయో గేటు చేరినవాని గతి యేమి? 2025 నవంబరు 15న అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము అప్పుడు నగదిచ్చినచో రెట్టింపు పడెను. ఫోనుద్వారా యూపీఐతో చెల్లించినచో ఒకటింబావు. నూరు రూపాయల గేటున ఇన్నూరో, నూట ఇరువదియైదో అన్నమాట. సంస్కృతమున ఘట్టకుటీప్రభాతన్యాయమని యొకటి గలదు. సుంకమెగవేయ దలచిన బండివాడు రాత్రియెల్ల అడ్డదారులు త్రొక్కగా, తెల్లవారుసరికి బండి సుంకపు పాకముందే నిలిచినదట. ఖాతా చూచుకొనక బయలుదేరినవాని సంగతియు నంతే. బయలుదేరు ముందటి రాత్రియే సొమ్ము వేసికొనుట మేలు.

వేరొకవైపు సౌకర్యములు గలవు; ఇవి గ్రామములవారికి అంతగా తెలియవు. గేటునకు ఇరువది కిలోమీటర్లలోపల నివసించువారి స్వంత కార్లకు తక్కువ వెలకు నెలసరి పాసు దొరకును. ద్విచక్ర వాహనములు, ఆటోలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు సాధారణముగా జాతీయ రహదారులలో సుంక మీయనక్కరలేదు. బిళ్ల సరియైనదై, ఖాతాలో సొమ్ముండి, గేటు యంత్రమే చెడినచో, ఏమియు చెల్లింపకయే పోనీయవలెనని 2018 నాటి నియమము. శూన్య రసీదు నడిగి పుచ్చుకొనవలెను. స్వంత కార్లకు 2025 ఆగస్టు 15న వార్షిక పాసు కూడ వచ్చినది: అప్పటి వెల 3,000 రూపాయలు, ఏడాది గాని 200 గేట్లు గాని, ఏది ముందు ముగియునో అంతవఱకు. గేటుకు పదునైదు రూపాయలన్నమాట. పైన చెప్పిన మూడు గేట్లు రానుపోను ఆరు గనుక ముప్పదిమూడు ప్రయాణములకు చాలును. కాని ఔటరు జాతీయ రహదారి కాదు. అందు ఈ పాసు చెల్లదు. ఆ సుంకము వేరుగా తఱుగును.

జపానులో ఈ పద్ధతి 2001లోనే దేశమంతట వచ్చినది. అచట ఈటీసీ యందురు. ఆ దేశపు పెద్ద రహదారులలో మన ఔటరువలెనే ఎక్కినచోటు, దిగినచోటు చూచి దూరమునకు లెక్క గట్టుటయే వాడుక. గేటులోనికి ఇరువది కిలోమీటర్ల వేగము మించక పోవలెను. అయితే ఒక ముఖ్యభేదము గలదు. వారి కారులో ఒక పెట్టె బిగించియుండును. చెల్లించువాని కార్డు వేరుగా నుండును. కార్డును పెట్టెలో దూర్చి ప్రయాణము చేసి, దిగునపుడు తీసికొని పోవచ్చును. అద్దెకారు నడుపు యాత్రికుడును కార్డును అద్దెకు గొనవచ్చును. అనగా అచట ఋణము మనుష్యునిది. మన దేశమున బిళ్ల కారునకు అంటినది గనుక కారే చెల్లించును.

కావున కారమ్మునపుడు జాగ్రత్త. కొన్నవాడు బిళ్లతోనే తిరిగినచో సొమ్ము అమ్మినవాని ఖాతానుండి పోవుచుండును. కారప్పగించిన దినముననే బిళ్ల నిచ్చిన బ్యాంకునకు తెలిపి దానిని మూయించవలెను. మిగిలిన సొమ్మును తిరిగి యడుగవలెను. కొన్నవాడు తన పేర క్రొత్త బిళ్ల తీసికొనవలెను. అద్దము పగిలి మార్చినపుడును ఇదే పని. పాత బిళ్లను ఊడదీసి మరల నంటించుట కుదరదు. జాతీయ రహదారిపై ఏ చిక్కు వచ్చినను 1033 అను సంఖ్యకు ఫోను చేసి, వాహనపు సంఖ్యయు, గేటు పేరును, దాటిన సమయమును చెప్పవలెను.