మధుమేహ నియంత్రణకు మందులు, మితాహారం – రెండూ అవసరమే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు శ్రమకు పెట్టింది పేరు. సిరిసిల్లలో మరమగ్గాల పరిశ్రమ, జగిత్యాల, కోరుట్ల పరిసరాలలో వ్యవసాయం, బీడీల తయారీ, గల్ఫ్ వలస వేలాది కుటుంబాలకు జీవనాధారంగా ఉన్నాయి. చక్కెర వ్యాధి సంపన్నులకే వస్తుందని, ఒళ్ళు వంచి పనిచేసేవారి దరిచేరదని ఒకప్పుడు భావించేవారు. ఆ భావనకు కాలం చెల్లింది. 2023 సంవత్సరంలో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో బాధపడుతున్నారు. మరో 13.6 కోట్ల మంది వ్యాధి ముంగిట నిలిచి ఉన్నారు.

వ్యాధి స్వభావం

రెండవ రకం మధుమేహంలో శరీరం ఇన్సులిన్‌ను సక్రమంగా వినియోగించుకోలేదు. క్రమేణా ఇన్సులిన్ ఉత్పత్తి కూడా తగ్గుతుంది. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించినా, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి 6.5 శాతం లేదా అంతకు మించినా మధుమేహంగా పరిగణిస్తారు. సాధారణంగా మరొక పరీక్షతో దానిని నిర్ధారిస్తారు. తొలి దశలో నొప్పి గాని, బాధ గాని ఉండకపోవడం వల్ల అనేకులు వ్యాధిని గుర్తించలేకపోతున్నారు. గుర్తించినవారిలో సైతం కొందరు చికిత్సను మధ్యలో విడిచిపెడుతున్నారు.

మాత్రలు మానరాదు

పరీక్షలో చక్కెర సాధారణ స్థాయికి రాగానే వ్యాధి నయమైందని తలచి మాత్రలు మానివేయడం పెద్ద పొరపాటు. ఆ అంకె మందుల వల్ల, పథ్యం వల్ల అదుపులోకి వచ్చినదే గాని వ్యాధి పోయినందువల్ల కాదు. మోతాదు తగ్గించాలన్నా, మాన్పించాలన్నా వైద్యుడే నిర్ణయించాలి. కాకర రసం, మెంతులు, ఆకు పసరులు మందులకు ప్రత్యామ్నాయం కావు.

బ్రిటన్‌లో సుదీర్ఘకాలం సాగి 1998లో ఫలితాలు వెలువరించిన అధ్యయనం, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కళ్ళు, మూత్రపిండాలు తదితర అవయవాలలోని సూక్ష్మ రక్తనాళాలకు సంబంధించిన ఉపద్రవాలు 25 శాతం తగ్గినట్లు నిరూపించింది. చూపు పోయిన తరువాత, మూత్రపిండాలు చెడిన తరువాత పడే తిప్పలతో పోల్చితే రోజువారీ మాత్ర భారం స్వల్పమే.

మెట్‌ఫార్మిన్ మాత్రను భోజనంతో పాటు లేదా భోజనం కాగానే తీసుకుంటే కడుపులో ఇబ్బంది తగ్గుతుంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకొని భోజనం మానితే చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా దిగువకు పడిపోయే ప్రమాదమున్నది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దీని లక్షణాలు. అట్టి సమయంలో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ కోల్పోయిన వ్యక్తి నోటిలో ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

కంచంలో మార్పు

రాత్రి అన్నం మాని చపాతీ తింటే చాలునన్న నమ్మకం విస్తృతంగా ఉన్నది. 2025లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశ ప్రజలు రోజువారీ శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుండే పొందుతున్నారు. బియ్యానికి బదులు గోధుమ పిండి గాని, చిరుధాన్యాల పిండి గాని వాడినంత మాత్రాన ముప్పు తగ్గలేదని, మొత్తం పిండి పదార్థాల మోతాదు తగ్గి, మాంసకృత్తులు పెరిగినప్పుడే ప్రయోజనం కనిపించిందని ఆ అధ్యయనం తెలిపింది. అనగా జొన్న రొట్టె అయినా, మక్క గటక అయినా లెక్కకు మించరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో ధాన్యాల నుండి లభించే శక్తి 45 శాతానికి మించరాదని సూచించింది.

ఇందుకు ఖరీదైన ఆహారం అక్కరలేదు. అన్నం తగ్గించి, ఆ మేరకు పప్పు, శనగలు, పెసలు, గుడ్డు, చేప, ఆకుకూరలు, సొరకాయ, బీరకాయ వంటివి పెంచుకోవచ్చును. పండుగలలో సకినాలు, గారెలు, అరిసెలు మితంగా తీసుకోవాలి. పలుమార్లు త్రాగే చాయలో చక్కెర మానడం మంచి ఆరంభం.

వృత్తికి తగిన జాగ్రత్తలు

రాత్రి పాళీలో సాంచాలు నడిపే కార్మికులకు భోజన వేళలు మారుతుంటాయి. వారు ఆ విషయం వైద్యునికి తెలిపి మాత్రల వేళలు నిర్ణయించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదాలకు గాయమైనా తెలియదు గనుక చెప్పులు ధరించి, ప్రతిరోజు పాదాలు పరిశీలించుకోవాలి. చాట ముందు గంటల తరబడి కూర్చుండి బీడీలు చుట్టే మహిళలు నడుమ నడుమ లేచి నడవాలి. గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు వైద్యుని చీటీ, మందులు వెంట ఉంచుకొని, అక్కడ చికిత్స కొనసాగించాలి.

అందుబాటులో సేవలు

మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధుల నియంత్రణకు 2010లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం, 2023 నుండి అసంక్రమిత వ్యాధుల నివారణ, నియంత్రణ కార్యక్రమం పేరుతో కొనసాగుతున్నది. 30 సంవత్సరాలు దాటినవారికి పరీక్షలు జరిపి, అవసరమైనవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితంగా మందులు అందించడం ఇందులో ప్రధానాంశం. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

పరీక్ష చేయడంతో బాధ్యత తీరదు. మాత్రల కోసం తిరిగి రానివారిని గుర్తించి, మళ్ళీ చికిత్సలోకి తీసుకురావడంలోనే కార్యక్రమ విజయం ఇమిడి ఉన్నది. ఏడాదికొకసారి కళ్ళు, మూత్రపిండాల పరీక్ష జరిగేలా క్షేత్రస్థాయి సిబ్బంది శ్రద్ధ వహించాలి. షుగరును శాశ్వతంగా నయం చేస్తామనే ప్రకటనల పట్ల పాత్రికేయులు ప్రజలను అప్రమత్తం చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.