మొక్కజొన్న రొట్టెకు సున్నం తోడు

యర్రగొండపాలెం వైపు జొన్నరొట్టె తట్టే చేతులకు ఒక సంగతి బాగా తెలుసు. చన్నీళ్ళు పోసి కలిపితే పిండి ముద్దకు రాదు, తట్టబోతే అంచులు పగులుతాయి. అందుకే మరిగే ఎసరు పోసి, వేడి ఆరకముందే అరచేత్తో అదిమి మెదుపుతారు. గోధుమలోని సాగే గ్లూటెన్ జొన్నలో లేదు. వేడినీళ్ళకు గింజలోని పిండిపదార్థం ఉబ్బి, జిగురెక్కి, ఆ లోటు తీరుస్తుంది.

మొక్కజొన్న పిండినీ ఇలాగే కలిపి కాల్చి చూడండి. రొట్టె వస్తుంది గాని, మడిస్తే విరుగుతుంది. మెక్సికోలో రోజూ తినే టోర్టియా కూడా మొక్కజొన్నదే, అందులో ఇంకో పిండి కలవదు. అయినా కూర పెట్టి చుడితే విరగదు. దాని రహస్యం మన తమలపాకుల పెట్టెలోనే ఉంది. అది సున్నం.

అక్కడ ఎండు గింజలను నేరుగా మరకు పంపరు. కిలో గింజలకు సుమారు 10 గ్రాముల సున్నం కలిపిన నీళ్ళలో కాసేపు ఉడికించి, రాత్రంతా నాననిస్తారు. తెల్లారి రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే గింజ పైపొర జారి వచ్చేస్తుంది. బాగా కడిగి, తడిగానే రుబ్బితే వచ్చే ముద్దను మసా అంటారు. పసుపులో సున్నం పడగానే ఎర్రబడటం మనం చూసిందే. ఇక్కడ కూడా సున్నపు క్షారగుణమే పనిచేస్తుంది. పైపొరను పట్టి ఉంచే హెమీసెల్యులోజ్ కరుగుతుంది, పిండిపదార్థం కొంత ఉబ్బుతుంది, కాల్షియం చేరుతుంది, ముద్ద సాగుతుంది. టోర్టియాకు ఉండే ప్రత్యేకమైన వాసన కూడా దీనివల్లే.

అసలు మేలు కంటికి కనపడదు. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా, చాలావరకు మన ఒంటికి అందని బంధంలో ఉంటుంది. సున్నం ఆ కట్టు విప్పుతుంది. కొలంబస్ తర్వాత మొక్కజొన్న యూరప్ చేరింది గాని, సున్నం పద్ధతి దాని వెంట రాలేదు. ఆ గింజే ప్రధాన తిండిగా బతికిన పేదలకు చర్మం మండి పొలుసులు లేచే జబ్బు పట్టుకుంది. స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ 1735లో దాన్ని వర్ణించాడు. తర్వాత ఇటలీలో దానికి పెల్లగ్రా అని పేరు పడింది. నియాసిన్‌తో అది నయమవుతుందని తేలడానికి 1937 దాకా పట్టింది.

ఈ కథలో మన ఊళ్ళకూ చోటుంది. జొన్నే ప్రధాన ఆహారమైన దక్కన్ పేదల్లోనూ పెల్లగ్రా కనిపించింది. హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ దాని మీద పనిచేసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదాన్ని తర్వాతి శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోలేదు. ఒక్క ధాన్యం మీదే బతకడం ప్రమాదమన్న సంగతి మాత్రం తిరుగులేనిది. ఆ లెక్కన జొన్నరొట్టెలోకి వేరుశనక్కాయల పచ్చడి నూరుకోవడం ఎంత మంచి అలవాటో చూడండి. 100 గ్రాముల వేరుశనగ గింజల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది. మెక్సికోలో మొక్కజొన్నకు సున్నం తోడైతే, మన జొన్నకు పచ్చడి తోడు.

ఇక మంచి టోర్టియాను గుర్తుపట్టడమెలా? మన నగరాల దుకాణాల్లో ఆ పేరుతో దొరికేవి ఎక్కువగా మైదావి. అవి నకిలీవేమీ కావు, మెక్సికో ఉత్తరాన సొనోరా ప్రాంతంలో గోధుమ టోర్టియాలే వాడుక. దక్షిణాన వహాకాలో పళ్ళెమంత వెడల్పు మొక్కజొన్న రొట్టెను కరకరలాడేలా కాల్చి త్లయూదా చేస్తారు. సీమలో సంగటి, గోదావరి వైపు అన్నం ఉన్నట్టే అక్కడా ఏ ప్రాంతం రుచి దానిది. మొక్కజొన్నది కావాలంటే మాత్రం పొట్లం మీద సున్నంతో ఉడికించిన పిండి అని ఉందో లేదో చదవండి. మామూలు మొక్కజొన్న పిండికి ఆ గుణం రాదు.

ఇంకో దేశపు గింజను తెచ్చుకునేటప్పుడు దాన్ని వండే తెలివిని కూడా తెచ్చుకోవాలి. మన జొన్నరొట్టెను పిల్లలకు నేర్పేటప్పుడు పక్కన పచ్చడి నూరడం కూడా నేర్పండి.