బండి ఊరికొచ్చింది.. కాగితాలు వచ్చాయా?

‘ఏమప్పా, ఇంకా కర్ణాటక నంబరేనా?’

సింహాద్రిపురంలో టీ అంగడి దగ్గర కారు ఆపిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. నవ్వి ఊరుకునేవాణ్ని. బెంగళూరు కంపెనీ ఇంటినుంచే పని చేసుకోమంది. ల్యాప్‌టాప్, నాలుగు పెట్టెలు కార్లో వేసుకుని కొడికొండ చెక్‌పోస్టు దాటి, కదిరి మీదుగా ఊరికొచ్చేశా. ఆ తర్వాత కారు నాకంటే నాయనకే ఎక్కువ పనికొచ్చింది. చీనీ తోటకి, పులివెందులకి అందులోనే తిరిగేవాడు.

పదకొండో నెలలో ఇన్సూరెన్స్ రెన్యువల్ మెసేజ్ వచ్చింది. అడ్రస్ చూస్తే, రెండేళ్ల కిందట ఖాళీ చేసిన బెంగళూరు అద్దె ఇల్లు. ఆర్‌సీలోనూ అదే. రేపు నాయన నడుపుతుండగా ఏదైనా జరిగితే ఈ కాగితాలు మమ్మల్ని కాపాడతాయా? ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివా.

ఏడాదే గడువు

మోటారు వాహనాల చట్టం 1988లో 47వ సెక్షన్ ఉంది. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే, అక్కడి నంబర్ తీసుకోవాలి. అడ్రస్ మారిన సంగతి 30 రోజుల్లో చెప్పాలని 49వ సెక్షన్ అంటుంది. నేనైతే ఈ రెండోది ఎప్పుడో దాటేశా.

‘పట్టుకుంటే ఫైన్ కడతాంలే’ అనుకుంటాం. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర తగలొచ్చు. రాజస్థాన్ వ్యక్తి ఒకాయన పంజాబ్‌లో కొత్త బొలేరో కొన్నాడు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు అయిపోయినా పర్మనెంట్ చేయించలేదు. కొద్ది రోజులకే జోధ్‌పూర్‌లో బండి దొంగతనమైంది. ఇన్సూరెన్స్ ఉంది, ప్రీమియం కట్టాడు. అయినా చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేదని 2021 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. మనది పర్మనెంట్ నంబరే కాబట్టి కేసు అచ్చం ఇదే కాదు. కానీ క్లెయిమ్ రోజున కంపెనీ ముందు చూసేది ఆర్‌సీనే అని అర్థమైంది.

ఏది ముందు, ఏది వెనక

ఈ పనిలో కష్టమంతా వరసలోనే ఉంది. కోడ్‌లో డిపెండెన్సీల్లాగే, ముందుది కాకుండా తర్వాతది కదలదు.

1. లోన్ ఉంటే ముందు బ్యాంకు దగ్గర రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.

2. పాత చలానాలన్నీ కట్టేయాలి. ఎప్పుడో సిగ్నల్ దగ్గర పడిన ఒక చలానా వల్ల నా అప్లికేషన్ వారం ఆగింది. తప్పు నాదే, చూసుకోలేదు.

3. పాత ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ కోసం ఫారం 28 పెట్టాలి. దాని మీద ఛాసిస్ నంబర్‌ను పెన్సిల్‌తో అచ్చు తీయాలి. ఏ ఆఫీసుకి మారుస్తున్నారో సరిగ్గా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ చెబుతుంది. అందుకే రసీదు జాగ్రత్త.

4. ఇక్కడి రవాణా ఆఫీసులో ఫారం 27 ఇచ్చి, లైఫ్ ట్యాక్స్ కట్టి, బండి చూపించాలి. కారు పాతదయ్యే కొద్దీ ట్యాక్స్ తగ్గుతుంది. 2019 నుంచి ఏపీ అంతటికీ ఒకే కోడ్ రావడంతో, కడప జిల్లా పాత ‘ఏపీ 04’ బదులు నాకు ‘ఏపీ 39’ వచ్చింది.

5. కొత్త ఆర్‌సీ కాపీతో కర్ణాటకలో మిగిలిన కాలానికి ట్యాక్స్ రీఫండ్ అడగాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. అది మన డబ్బు.

ఇన్సూరెన్స్ సంగతి

రాష్ట్రం మారినంత మాత్రాన పాలసీ రద్దవదు. థర్డ్ పార్టీ కవర్ దేశమంతా చెల్లుతుంది. కానీ కొత్త నంబర్, కొత్త అడ్రస్ పాలసీలో ఎక్కించమని కంపెనీకి రాసి, ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ ఎక్కడికీ పోదు.

ఒక చిన్న లాభం కూడా ఉంది. మన బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో బెంగళూరు, హైదరాబాద్‌లాంటి ఎనిమిది నగరాలు జోన్ ఏ, మిగతా దేశం జోన్ బీ. మన వైపు కొంచెం తక్కువ పడుతుంది.

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొని ఊరికి తెచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేరు మారకపోతే ప్రమాదం బాధ్యత ఆర్‌సీలో ఉన్న పాత ఓనర్ మీదే ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాళ్లూ, ఇది మీకే. కొన్నవాళ్లు 14 రోజుల్లో పాలసీ తమ పేరుకి మార్పించుకోవాలి.

కొత్త కారు కొంటుంటే

నాలుగు, అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో పనిచేస్తుంటే బీహెచ్ సిరీస్ గురించి అడగండి. 2021 సెప్టెంబర్ 15 నుంచి ఉంది. ట్యాక్స్ రెండేళ్లకోసారి కడతారు. రాష్ట్రం మారినా నంబర్ మారదు. ఇది ముందే తెలిసుంటే నాకు ఈ తిరుగుడు తప్పేది.

కొత్త ప్లేట్లు బిగించిన రోజు నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ‘నంబర్ మారిందిలే, ఇన్సూరెన్స్‌లో మార్పించినావా?’ అన్నాడు. అప్పటికి మార్పించలేదు. తాళం తీసి లోపల పెట్టి, ముందు ఆ మెయిల్ పంపించా.