చాతకపు సముద్రయానము

జ్యేష్ఠమాసమున నైఋతి మేఘములు సికింద్రాబాదు మీదికి వచ్చునప్పటికి, రాళ్లగుట్టల నడుమనున్న తుమ్మపొదలలో 'పియూ, పియూ' యని యొక పక్షి కూయుచుండును. దాని వీపు నలుపు, పొట్ట తెలుపు. రెక్కపై తెల్లని మచ్చ, తలపై నిక్కిన జుట్టు. అదియే చాతకము, కోకిలకు చుట్టము.

చాతకము వానచినుకును దప్ప వేఱునీటిని ముట్టదని కవులు వర్ణించిరి. అది కల్పనయే. వానతో దానికిగల పొత్తు తిండికొఱకు. తొలకరి పడినంతనే చిగురాకులపై నూగు గొంగళిపురుగులు పుట్టును. పెక్కు పక్షులు ముట్టని ఆ పురుగులే చాతకమునకు విందు.

దక్షిణభారతమునందును సింహళమునందును ఉండు చాతకములు దూరదేశములకు పోవు. ఉత్తరభారతమున వర్షర్తువునందు కనబడునవి మాత్రము ఆఫ్రికానుండి వచ్చునవి. రెండు తెగలును చూచుటకు ఒక్కతీరుననే యుండును. దక్షిణాదిది కొంచెము చిన్నది, అంతే. ఆఫ్రికా దక్షిణతీరమున ఒడలెల్ల నల్లనై, రెక్కమచ్చ యొక్కటియే తెల్లగానుండు చాతకములును కలవు.

సోమాలియా కొననుండి మన పశ్చిమతీరమునకు రెండువేల కిలోమీటర్లకు పైబడిన సముద్రము. నడుమ వాలుటకు కొమ్మ లేదు. చాతకము నీటిపై తేలియాడు పక్షియు కాదు. బలము తగ్గినచో మునుగవలసినదే. అయినను, మేఘములను తెచ్చు నైఋతిపవనమే దానికిని తోడగును. గాలి వెనుకనుండి త్రోయుచుండగా వానతోపాటు అదియు మనదేశము చేరును. ఈ యాత్రను తెలిసికొనుటకై భారతీయ వన్యప్రాణి సంస్థవారు 2020 జూలైలో ఉత్తరాఖండమున రెండు చాతకములను పట్టి, ఉపగ్రహమునకు సంకేతములంపు చిన్న యంత్రములను వానికి కట్టి విడిచిరి. వానికి మేఘ్, చాతక్ అని పేరులిడిరి.

చాతకము గూడు కట్టదు. నేలపై గుంపుగా గెంతుచు గలగలలాడు బూడిదవన్నె పిట్టలు కలవు కదా, వాని గూట గ్రుడ్డు పెట్టును. ఆ పిట్టల గ్రుడ్లు నీలము. చాతకపు గ్రుడ్డును నీలమే. కావున మోసము బయటపడదు. అయితే కొన్ని కోకిలజాతుల పిల్లలవలె చాతకపు పిల్ల తోడిపిల్లలను గూటినుండి క్రిందికి త్రోయదు. వానితో కలిసియే పెరుగును. పెంచినవారికి ఇది కొంత మేలు.

శరత్కాలమున పెద్దచాతకములు వెడలిపోవును. పిల్లకు త్రోవ చూపువారుండరు. పెంచిన పిట్టలు పుట్టిన పొదను విడిచి యెన్నడును దూరము పోయినవి కావు. అయినను ఉత్తరాదిని పుట్టిన ఆ పిల్ల, తాను చూడని ఆఫ్రికావైపు తిరిగి, సముద్రముమీదికి ఎగిరిపోవును.