గరాజు గోడకు చౌక లిథియం

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రాన్ని మంచుతుఫాను కమ్ముకొన్నప్పుడు లక్షలాది గృహాలు రోజుల తరబడి చీకటిలో, చలిలో మగ్గాయి. డాలస్, హ్యూస్టన్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు కరెంటు కోత కొత్త కాదు. వేసవి రాత్రులు విసనకర్రలతో గడిపిన బాల్యం చాలామందిది. అమెరికాలోనూ ఆ అవస్థ తప్పదని మాత్రం వారు ఊహించలేదు. ఇంటికప్పుపై సౌరఫలకాలు, గరాజులో బ్యాటరీ అమర్చుకోవాలన్న తలంపు అటువంటి అనుభవాల నుండే పుడుతుంది. పేరున్న సంస్థల ధరలు చూసి వెనుకాడినవారికి, అంతర్జాలపు అంగళ్ళలో అంతే సామర్థ్యం రాసి ఉన్న లిథియం బ్యాటరీ ఎంతో తక్కువకు దొరుకుతుంది. ఆ తగ్గింపు బ్యాటరీలో ఏ భాగం మీద జరిగిందో ప్రకటనలో ఉండదు.

అది తెలియాలంటే స్వదేశంలోని ఇన్వర్టర్ బ్యాటరీని ఒకసారి తలచుకోవాలి. మెట్లకిందనో వరండా మూలనో ఉండే ఆ సీసపు బ్యాటరీలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయడం ఇంటిల్లిపాదికీ తెలిసిన పనే. ఆ నీరు ఎందుకు తరుగుతుంది? బ్యాటరీ నిండిన తరువాత కూడా విద్యుత్తు వస్తూ ఉంటే, ఆ మిగులు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. ఒక గది ముందుగా నిండినా నీటిని ఖర్చుచేసుకొంటూ నిలుస్తుంది. వెనుకబడిన గది ఈలోగా నిండుతుంది. మొరటు ఏర్పాటే గాని, యజమాని తప్పులను చాలావరకు సహించే రసాయనం అది.

లిథియం ఘటానికి ఈ సహనం లేదు. అందులోని ద్రావణం నీటితో చేసినది కాదు, మండే స్వభావం గల కర్బన ద్రావకాలతో చేసినది. ఘటం నిండిన తరువాత వచ్చే విద్యుత్తు ఆ ద్రావణాన్నే విచ్ఛిన్నం చేస్తుంది, ఋణధ్రువం మీద లోహ లిథియాన్ని పేరుస్తుంది. కనుక సీసపు బ్యాటరీలో రసాయనమే చేసే కాపలాను ఇక్కడ ఒక ఎలక్ట్రానిక్ పలక చేయవలసి ఉంటుంది. దానిని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, క్లుప్తంగా బీఎంఎస్ అంటారు. ధర తగ్గించదలచిన తయారీదారు కత్తెర సాధారణంగా పడేది ఈ కాపలాదారు మీద, ఘటాల ఎంపిక మీద.

ఇళ్ళలో వాడే 51.2 వోల్టుల బ్యాటరీలో 3.2 వోల్టుల ఘటాలు 16 వరుసగా కలిపి ఉంటాయి. సామర్థ్యం 100 ఆంపియర్-గంటలైతే మొత్తం నిల్వ 5.12 యూనిట్లు. వరుసలో కలిపినప్పుడు బలహీనమైన ఘటమే మిగిలినవాటికి హద్దు గీస్తుంది. పదిహేను ఘటాలు 100 ఇచ్చి, ఒక్కటి 85 మాత్రమే ఇవ్వగలిగితే, బ్యాటరీ మొత్తం 85కే ఆగిపోతుంది. మంచి తయారీదారు ప్రతి ఘటాన్నీ కొలిచి, సరిసమానమైనవాటినే జతచేస్తాడు. చౌకవాటిలో నాణ్యతా పరీక్షలో వెనుకబడినవీ, ఒక్కొక్కప్పుడు విద్యుత్ వాహనాల నుండి తీసి కొత్త తొడుగు వేసినవీ చేరుతుంటాయి. పైకి అన్నీ ఒకే నీలిరంగులో మెరుస్తాయి.

ఘటాల మధ్య తేడాను సరిదిద్దే శక్తి చాలా బీఎంఎస్‌లలో అతి స్వల్పం. 50 మిల్లీఆంపియర్ల చొప్పున సరిచేస్తే, ఒక్క ఆంపియర్-గంట తేడా పోవడానికి 20 గంటలు పడుతుంది. పైగా ఐరన్ ఫాస్ఫేట్ రకంలో వోల్టేజి మధ్యభాగమంతా దాదాపు సమతలంగా సాగుతుంది కనుక, తేడా బయటపడేది పూర్తిగా నిండబోయే వేళనే. సాయంకాలం పడే కొద్దిపాటి ఎండతో ఏ రోజూ నిండని బ్యాటరీలో లోపం నెలల తరబడి దాగి ఉంటుంది.

చలి సంగతి మరింత ముఖ్యం. సున్న డిగ్రీల సెంటీగ్రేడ్‌కు దిగువన ఈ ఘటాలు విద్యుత్తును ఇవ్వగలవు గాని, మామూలు వేగంతో తీసుకోలేవు. అప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరలలోకి చొరబడలేక, దాని ఉపరితలం మీదనే లోహంగా పేరుకొంటాయి. ఆ నష్టంలో చాలా భాగం తిరిగిరాదు. పేరుకొన్న లోహం సూదుల్లా పెరిగి, ధ్రువాలను వేరుచేసే పలుచని పొరను ఛేదించే అవకాశమూ ఉంది. చలిరాత్రి గడిచి గరాజు ఇంకా గడ్డకట్టి ఉన్న ఉదయాననే సౌరఫలకాలు పని మొదలుపెడతాయి. చలిలో ఛార్జింగ్‌ను ఆపే ఏర్పాటు కొన్ని చౌక బ్యాటరీలలో ఉండనే ఉండదు. కొన్నింటిలో ప్రకటనలో ఉండి పెట్టెలో ఉండదు. ఏ తుఫాను కోసం బ్యాటరీ కొన్నారో ఆ తుఫానే దానికి గండమన్నమాట.

“ఐరన్ ఫాస్ఫేట్ రకం మండదు” అని అమ్మకందారులు చెప్పే మాటలో సగం నిజముంది. 1997లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం నుండి జాన్ గుడినఫ్, ఆయన పరిశోధనాగారంలోని భారతీయ శాస్త్రజ్ఞులు అక్షయ పాఢి, నంజుండస్వామి ఈ పదార్థాన్ని గురించి ప్రచురించారు. (లిథియం బ్యాటరీల కృషికి గుడినఫ్‌కు 2019లో నోబెల్ బహుమతి లభించింది.) ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉండడం వల్ల, కోబాల్ట్ ఆక్సైడ్ రకాలలో వలె వేడికి తేలికగా విడివడదు. ధనధ్రువం వరకు ఆ మాట నిజమే. ద్రావణం మాత్రం మండేదే. ఘటం అదుపు తప్పి వేడెక్కితే హైడ్రోజన్‌తో కూడిన వాయువులు వెలువడతాయి. తలుపు మూసిన గరాజులో అవి పోగైతే విస్ఫోటానికి ఒక నిప్పురవ్వ చాలు.

ఇక ప్రకటనలోని అంకెలు. “6000 ఆవృత్తులు” అంటే రోజుకొకటి చొప్పున 16 ఏళ్ళు. ఆ లెక్క సాధారణంగా ప్రయోగశాలలో, 25 డిగ్రీల వద్ద, ఒంటరి ఘటం మీద చేసినది. గరాజులో వేసవి వేడికి లోపలి ఉపచర్యలు ఎంతో వేగవంతమవుతాయి. “యూఎన్ 38.3” అన్న ముద్ర చూసి భద్రతా పత్రమనుకోరాదు, అది రవాణాకు సంబంధించిన పరీక్ష మాత్రమే. అమెరికాలో గృహవినియోగానికి చూడవలసినవి బ్యాటరీకి యూఎల్ 1973, ఇన్వర్టర్‌తో కూడిన మొత్తం వ్యవస్థకు యూఎల్ 9540. ఇవి లేకపోతే చాలా ఊళ్ళలో పర్మిట్ దొరకదు. పర్మిట్ లేని బ్యాటరీ వల్ల ప్రమాదం జరిగితే బీమా సంస్థ పేచీ పెట్టవచ్చు.

ధరను కూడా మరో విధంగా లెక్కించాలి. వెయ్యి డాలర్ల బ్యాటరీ వెయ్యి రోజులు రోజుకు 4 యూనిట్లు ఇచ్చి అలసిపోతే యూనిట్‌కు 25 సెంట్లు పడినట్లు. రెండువేల డాలర్లది నాలుగువేల రోజులు 5 యూనిట్ల చొప్పున ఇస్తే 10 సెంట్లే.

అధిక ధర నిర్దోషత్వానికి హామీ కాదన్నదీ ఒప్పుకోవాలి. 2020 డిసెంబరులోనూ, మరల 2021 ఆగస్టులోనూ ఒక ప్రసిద్ధ సంస్థ గృహ బ్యాటరీలను మంటల ప్రమాదం కారణంగా అమెరికాలో వెనక్కు పిలిపించారు. అయితే అక్కడ క్రమసంఖ్య ఉంది, కొన్నవారి చిరునామా ఉంది, బదులు చెప్పే సంస్థ ఉంది. అంతర్జాలపు అంగడిలో ఏడాదికొక పేరుతో అమ్మే విక్రేత తన సరుకులో లోపముందని తెలుసుకొన్నా, ఆ కబురు ఏ గరాజుకు పంపాలో అతనికి తెలియదు.